తమ్ముడికి వినబడిన తీగ

ఆల్మా ట్రెలోర్ నలభై ఏళ్ల తరవాత మా గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో రైలు దిగి, ఒక చేత్తో వయొలిన్ పెట్టె, ఇంకో చేత్తో బట్టల పెట్టె పట్టుకుని మా వీధిలో నడిచొస్తుంటే ఎవరూ మెట్టు దిగి పలకరించలేదు. మా ఊళ్లో పుట్టినవాళ్లు మావాళ్లు. బయట పుట్టినవాడు ఇక్కడ అరవై ఏళ్లు బతికినా సమాధి దాకా బయటివాడే. ఇక్కడే పుట్టి, ఇక్కడ ఉండడం ఇష్టంలేక వెళ్లిపోయిన మనిషిని ఏమనాలో మాకింకా మాట దొరకలేదు. అందుకని అందరూ తలుపుల వెనక నుంచి చూశారు. నేనూ అలాగే చూశాను.

అది 1984 ఫిబ్రవరి. ఆవిడకప్పుడు యాభై ఎనిమిదేళ్లు. పొడుగు మనిషి, నిటారుగా నడిచేది. ఎడమ దవడ కింద నాణెమంత గోధుమరంగు మచ్చ ఉండేది. ఏళ్ల తరబడి వయొలిన్ ఆనించడం వల్ల కాయకట్టిన చోటు అది. అడిలైడ్‌లో పెద్ద వాద్యబృందంలో, రెండో వరస వయొలిన్లలో, ముప్పై నాలుగేళ్లు వాయించింది. పింఛను రాగానే తమ్ముణ్ణి చూసుకోడానికి వచ్చేసింది. పెళ్లి చేసుకోలేదు.

తమ్ముడు కీత్ మా పక్కింటివాడు. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నేను ఊరి రేడియో స్టేషనులో మిషన్లు చూసుకునే పనిలో చేరితే, వాడు పదహారో ఏట గనిలోకి దిగాడు. రాతికి బెజ్జాలు వేసే డ్రిల్లు మిషనుతో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆ మిషను వాడి చెవుల్ని తినేసింది, రాతిపొడి ఊపిరితిత్తుల్ని తినేసింది. మా ఊళ్లో ఆ జబ్బుకు పెద్ద పేరేమీ వాడరు, ‘దుమ్ము పట్టింది’ అంటారు. దుమ్ము పట్టినవాడి ఇంటికి వెళ్లినప్పుడు జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. కీత్ దగ్గర ఆ మర్యాద కుదిరేది కాదు, అరిచి చెప్పాలి. వాడి భార్య డల్సీ అంతకు రెండేళ్ల ముందే పోయింది. పిల్లల్లేరు.

అక్కా తమ్ముళ్లు మొదటి ఏడాదంతా పోట్లాడుకున్నారు. ఒకరికి చెవుడు, ఒకరికి పంతం. వాళ్ల మాటలు మా పెరట్లోకి వినబడేవి. ఎక్కువగా అరవై మూడు నాటి గొడవే. వాళ్లమ్మ చనిపోయినప్పుడు ఆల్మా బృందంతో ఎక్కడో కచేరీలు చేస్తూ తిరుగుతోంది. అంత్యక్రియలకు రాలేదు, పూలు పంపించింది.

“నీ పూలు వాడిపోయి వచ్చాయి, తెలుసా? పెట్టె విప్పితే కుళ్లు వాసన,” అనేవాడు కీత్.

“ఇరవై ఏళ్లయింది కీత్.”

“వాసన ఇంకా పోలేదు.”

ఎనభై అయిదు చలికాలంలో ఒక సాయంత్రం నేను వాళ్లింట్లో భోజనానికి కూచున్నాను. గొర్రెమాంసం ముక్కలు, తురిమిన క్యారెట్టూ చీజూ కలిపిన పచ్చి కూర. కీత్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మాట కలపాలని నేను, “మీ అక్క పొద్దున వాయిస్తుంటే విన్నానురా, చాలా బావుంది,” అని అరిచాను.

“నాకెలా తెలుస్తుంది?” అన్నాడు. తరవాత కాసేపు నమిలి, “ఒక్కసారి వెళ్లానులే వినడానికి. అరవై ఒకటిలో, అడిలైడ్‌కి,” అన్నాడు.

ఆల్మా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. “నువ్వెప్పుడొచ్చావు? నాకు చెప్పనేలేదు.”

“పన్ను పీకించుకోడానికి వచ్చా. దవడ ఇంత వాచిపోయింది. సాయంత్రం ఏం తోచక టిక్కెట్టు కొనుక్కుని అన్నిటికన్నా వెనక వరసలో కూచున్నా. మీవాళ్లు పదహారు మంది ఒకేసారి కమాన్లు పైకీ కిందికీ లాగుతున్నారు. అందులో నీదేదో నాకేం తెలుస్తుంది? మందలో మా గొర్రె కూడా అరిచిందిలే అనుకుని వచ్చేశా.”

“లోపలికొచ్చి నన్ను కలవొచ్చు కదా.”

“దేనికి? ఇతను మా తమ్ముడు, గనిలో పనిచేస్తాడు అని ఆ నల్లకోట్లవాళ్లకి చెప్పడం నీకు కష్టం. పక్కన నిలబడడం నాకు కష్టం.”

ఆవిడ కాదంటుందేమోనని చూశాను. లేచి కంచాలు తీసింది.

వారం తరవాత నన్ను పిలిచింది. వంటింట్లో కీత్‌ని కుర్చీలో కూచోబెట్టి, తను సింకు దగ్గర నిలబడి వయొలిన్ భుజం మీద పెట్టుకుంది. “వినబడితే వేలెత్తమని చెప్పు వాడికి,” అంది. సన్న తీగ మీద అన్నిటికన్నా పై స్వరంతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. కీత్ చెయ్యి మోకాలి మీదే ఉంది.

“వాయిస్తోందా, ఊరికే రుద్దుతోందా?” అని నన్నడిగాడు.

సన్న తీగ అయిపోయింది. రెండో తీగ సగానికి వచ్చింది. అప్పుడు వాడి వేలు లేచింది. అక్కణ్ణుంచి కిందికి ప్రతి స్వరానికీ లేచింది. ఆల్మా గోడమీద క్యాలెండరు వెనక పెన్సిలుతో ఆ హద్దు రాసుకుంది. వయొలిన్‌ని వయొలిన్‌గా వినిపించే పైభాగమంతా వాడికి మూసుకుపోయింది. మిగిలింది లావు తీగ, దాని పక్క తీగ, సన్న తీగ పక్కదానిలో ఒక ముక్క.

“చెవి మిషను పెట్టించుకోవచ్చుగా,” అంది ఆవిడ.

“పెట్టించుకున్నా ఒకసారి. చెవిలో గిన్నెలు దొర్లినట్టుంది. తీసి డ్రాయర్లో పడేశా.”

మర్నాటి నుంచి ఆవిడ రాయడం మొదలుపెట్టింది.

నాకు సంగీతం చదువు లేదు. వినడం మాత్రం నా వృత్తి. అందుకని నేను చూసింది చెబుతాను. అడిలైడ్ నుంచి గీతల కాగితం కట్టలు తెప్పించుకుంది. పొద్దున కీత్‌కు స్నానం చేయించి, గంజి తాగించి, వంటింటి బల్ల దగ్గర కూచునేది. రాసినదానికన్నా చెరిపింది ఎక్కువ. బల్లంతా రబ్బరు పొడి. ఇతరుల స్వరాలు ముప్పై నాలుగేళ్లు వాయించిన మనిషి, సొంతానికి అంతకు ముందు నాలుగు చిన్న పాటలు మించి రాయలేదు. ఇప్పుడు ఒక్క వయొలిన్ కోసం, ఏ తోడూ లేకుండా, గంటా ఇరవై నిమిషాల సంగీతం రాస్తానంది. ఏడు భాగాలు. పియానో అయినా పక్కన పెట్టుకోరాదా అని అడిగాను.

“వాడికీ నాకూ మధ్య ఇంకో చప్పుడు వద్దు రెజ్. ఈసారి ఏది నాదో వాడికి తెలియాలి,” అంది.

ఆ సంగీతానికి విషయం మాత్రం కీత్ చెప్పాల్సిందే. గనిలో దిగడం ఎలా ఉంటుంది, దీపం ఆరిపోతే ఏం చేస్తారు, మందు పేల్చాక ఎంతసేపు ఆగుతారు అని అడిగేది. వాడు చెప్పేవాడు. ఆవిడ రాసి వాయించి చూపించేది. వాడు నేల మీద కాలు ఆనించి, తల వంచి వినేవాడు. చెవితో సగం, చెక్క పలకల్లోంచి పాదంతో సగం. వాడంత నిర్దాక్షిణ్యమైన శ్రోతను నేనింతవరకు చూడలేదు.

“తప్పు. లిఫ్టు దిగేటప్పుడు కడుపు గొంతులోకొస్తుంది. నీ పాట మెట్ల మీద నుంచి షోగ్గా దిగుతోంది.”

“ఇదో?”

“ఇది కొంచెం నయం. ఇంకా భయపడాలి.”

“ఎంత భయపడాలి?”

“మొదటిరోజు నేను ప్యాంటు తడుపుకున్నా. అంత.”

ఆవిడ నవ్వింది. వాళ్లిద్దరూ కలిసి నవ్వగా నేను విన్నది బహుశా అదే మొదలు.

రెండేళ్ల పైనే అలా గడిచాయి. లావు తీగ మీద అంత పొడుగు సంగీతం వాయించడం చేతికి మంచిది కాదట. కమాను గట్టిగా నొక్కాలి, ఎడమచేతి వేళ్లు దూరంగా చాచాలి. ఆవిడ వేలి కణుపులు ఉల్లిపాయల్లా ఉబ్బాయి. సాయంత్రాలు వేణ్ణీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూచునేది. కీత్ పరిస్థితీ దిగజారుతూనే ఉంది. మొదట వీధి చివరిదాకా నడిచేవాడు, తరవాత గేటు దాకా, తరవాత వరండా దాకా.

ఆరు భాగాలు గనిలోనే జరుగుతాయి. ఏడోది మాత్రం ఆవిడ సన్న తీగ మీద, వాడికి ఒక్క స్వరమూ అందనంత ఎత్తున రాసింది. రాసింది దాచలేదు కూడా. ఒక ఆదివారం మా ఇద్దరి ఎదురుగా మొత్తం వాయించింది. పదకొండు నిమిషాలు. నాకు ఒళ్లు జలదరించింది. కీత్ కమాను వంకే చూస్తూ కూచున్నాడు. అయ్యాక అడిగాడు.

“నాకు వినబడదని తెలిసే రాశావా?”

“తెలిసే రాశాను.”

“నాతో చెప్పాలనుకున్నవన్నీ అందులో పెట్టావా?”

“పెట్టాను.”

“అయితే వినబడకపోవడమే మంచిది,” అని నన్ను చూసి కన్నుగీటాడు. ఆ తరవాత చాలాసేపు దగ్గాడు.

అంతా అయ్యాక ఆల్మా సిడ్నీలో రికార్డులు వేసే ఒక పెద్ద సంస్థకు రాసింది. మూడు వాక్యాల జవాబు వచ్చింది. ఆవిడ శ్రమను మెచ్చుకుంటున్నామని, తమ ప్రణాళికలో ఇమడదని, శుభాకాంక్షలని. కీత్ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి, “పూలు పంపలేదా?” అన్నాడు.

అప్పటికే డాక్టరు ఇంకో చలికాలం కష్టమన్నాడు. 1988 ఫిబ్రవరిలో ఆవిడ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“మీ స్టేషను వాళ్లు పారేసిన టేపు మిషను నీ షెడ్డులో ఉందని కీత్ చెప్పాడు.”

“ఉంది. తిరుగుతుందో లేదో.”

“తిప్పు,” అంది.

తిప్పాను. రెండు మంచి మైకులు నా దగ్గరే ఉన్నాయి. మూసేసిన చర్చి ఒకటుంది. దాని తాళంచెవి నాకు తెలిసినవాళ్ల దగ్గర దొరికింది. రాతిగోడలు, చెక్క నేల, ప్రతిధ్వని సరిపడా ఉంది. చిక్కల్లా వేళ కుదరడమే. పొద్దున ఏడింటికి ముందు గనిలో మందు పేలుస్తారు, ఊరంతా అదురుతుంది. తొమ్మిదయ్యేసరికి ఎండకు చర్చి కప్పు రేకులు చిటపటలాడతాయి. మధ్యలో ఆ రెండు గంటలే మావి.

కీత్ తానూ వస్తానన్నాడు. మైకుల ముందు వాడి ఆక్సిజన్ సిలిండరు బుసకొడుతుందని నేను అరిచి చెప్పాను.

“నాకోసం రాశానంటుంది. పెళ్లికొడుకు లేకుండానే పెళ్లి చేసుకుంటారట్రా?” అన్నాడు. ముందు వరస బల్ల మీద దిండు వేసి కూచోబెట్టాం.

మొదటిరోజు ఒకటీ రెండూ భాగాలు సాఫీగా వచ్చాయి. రెండోరోజు మూడూ నాలుగూ చాలాసార్లు వాయించాల్సొచ్చింది. ఆవిడ చొక్కా వీపంతా తడిసిపోయింది. నా చెవులకు తగిలించుకున్న ఫోన్లలో వయొలిన్ వెనక ఒక సన్నటి ఈల నిరంతరం వినబడుతూనే ఉంది. సిలిండరుది కొంత, వాడి ఊపిరిది కొంత. బయటికి తీసుకెళ్లి ఆల్మాకు చెప్పాను.

“వాడి ఊపిరి టేపులో పడుతోంది.”

“తెలుసు. నాకూ వినబడుతోంది.”

“రేపు వాణ్ణి ఇంట్లో ఉంచుదామా?”

“రేపటిది రేపు చూద్దాం,” అంది. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన ఆవిడ నెత్తిలో పెట్టింది నేనే.

మూడోరోజు అయిదో భాగం. అన్నిట్లోకీ పెద్దది, ఇరవై నిమిషాలు ఎక్కడా ఆగదు. గని అడుగున ఒంటరిగా చిక్కుకున్న మనిషి గురించి రాసింది. రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో తప్పింది. మూడోసారి అందుకుంది. నేను ముప్పై ఒక్కేళ్లు ఎందరివో వాయిద్యాలు టేపు చేశాను గాని అలాంటిది వినలేదు. లావు తీగ ఒక మనిషిలా అరుస్తోంది, బతిమాలుతోంది. పది నిమిషాలు, పదిహేను. అప్పుడు కీత్ వంక చూశాను. వాడు రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. మొహం నీలంగా మారింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపటి నుంచి దగ్గు ఆపుకుంటున్నాడో. పదిహేడో నిమిషంలో ఇక వాడివల్ల కాలేదు. చర్చి మొత్తం ఆ దగ్గుతో నిండిపోయింది.

ఆల్మా ఇంకొంత దూరం వాయించింది. తరవాత కమాను దించేసింది. వాడివైపు తిరిగి, అరవకుండా, చాలా కింది గొంతుతో అంది:

“చావడానికి ఇంకో వేళ దొరకలేదా నీకు?”

నేను మిషను ఆపాను. వాడికి వినబడి ఉండదులే అనుకున్నాను, వినబడకూడదని కోరుకున్నాను. కీత్ రుమాలుతో నోరు తుడుచుకుని ఊపిరి కూడదీసుకున్నాడు.

“విన్నాలే,” అన్నాడు. “ఆ గొంతు కింది తీగదే. అక్కడిదాకా నాకు వినబడుతుంది.”

ఆ సాయంత్రం ఆవిడ కస్టర్డు చేసి పెట్టిందట, వాడు తిన్నాడట. క్షమించమని అడిగిందో లేదో నాకప్పుడు తెలియదు. అడగలేదని తరవాత తెలిసింది.

నాలుగోరోజు పొద్దున నేను కారు తెచ్చేసరికి ఆల్మా వయొలిన్‌తో వచ్చి ముందు సీట్లో కూచుంది. కీత్ వరండా కుర్చీలో ఉన్నాడు. టోపీ పెట్టుకున్నాడు, బూట్లు వేసుకుని లేసులు కట్టుకున్నాడు. బూట్లు వేసుకోడానికి వాడికి అప్పట్లో అరగంట పట్టేది. నేను మెట్లెక్కాను.

“ఇవాళ ఎండ మండిపోతుందంటున్నారు. ఇంట్లోనే ఉండరా. తొందరగా వచ్చేస్తాం,” అన్నాను.

వాడు నన్ను చూశాడు. తరవాత నా భుజం మీదుగా కారు వంక చూశాడు. ఆల్మా కూడా వాడి వంకే చూస్తోంది. కిటికీ అద్దం దించే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు.

“సరే,” అన్నాడు కీత్. వంగి ఒక బూటు లేసు లాగాడు.

ఆరో భాగం పద్నాలుగు నిమిషాలు. మొదటిసారే వచ్చింది. ఈల లేదు, బుస లేదు, ఒక్క తప్పు లేదు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. ఆవిడ నవ్వలేదు, “ఇంటికి పోదాం పద,” అంది. మళ్లీ వాయిస్తావేమోనంటే వినలేదు. తొమ్మిది కూడా కాకుండానే ఇంటి ముందు ఆగాం.

కీత్ అదే కుర్చీలో ఉన్నాడు. గడ్డం గుండెకు ఆనింది. ఒక బూటు పక్కన పడుంది. రెండోది కాలికే ఉంది, లేసు విప్పి ఉంది. తీస్తూ ఆగిపోయాడో, లేక మనసు మారి మళ్లీ వేసుకోబోయాడో ఎవరూ చెప్పలేరు. గొట్టం ముక్కుకే ఉంది, సిలిండరులోంచి గాలి ఇంకా వస్తూనే ఉంది. ఆల్మా మెట్ల మీద కూచుండిపోయింది. వయొలిన్ పెట్టె ఒళ్లో ఉంది. డాక్టరు వచ్చేదాకా దాన్ని కింద పెట్టలేదు.

అంత్యక్రియల్లో ఏదైనా వాయించమని గనివాళ్లు అడిగారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. యూనియన్ బ్యాండువాళ్లు వచ్చి వాయించి వెళ్లారు.

పది రోజులాగి నేనే వెళ్లాను. దాచుకుని ఉండలేకపోయాను. “వాణ్ణి ఉండిపొమ్మన్నది నేను ఆల్మా,” అన్నాను.

“నువ్వు నోటితో అన్నావు. నేను కారులో కూచుని అన్నాను,” అంది. “టీ తాగుతావా?”

అయిదు వారాల తరవాత, ఎండలు తగ్గాక, ఏడో భాగం టేపు చేద్దామంది. చర్చిలో మేమిద్దరమే. సన్న తీగ మీద కొన్నిచోట్ల స్వరం జారిపోయింది, ఒకచోట కమాను తడబడి కీచుమంది. ఇంట్లో వాయించిన దానిముందు ఇది సగం కూడా కాదు. ఆ మాటే అన్నాను. ఇంకోసారి వాయించమన్నాను.

“బాగాలేకపోతే బాగాలేనట్టే ఉండనీ. రెండోసారి నేను వాయించలేను,” అంది.

ఇక అయిదో భాగం మిగిలింది. మా షెడ్డులో కూచుని ఆ టేపు విన్నాం. దగ్గు వచ్చింది. దగ్గు వెనక ఆవిడ వాయించిన నాలుగు గీతలు వచ్చాయి. తరవాత నిశ్శబ్దం, ఆ మాట. ఆవిడ తన గొంతు తనే వింది. కళ్లు మూసుకోలేదు.

“మళ్లీ వాయించి కొత్తది పెడదాం. లేదంటే దగ్గునీ మాటనీ కోసేసి, చివరి మూడు నిమిషాలూ విడిగా వాయిస్తే అతికిస్తాను. అతుకు తెలియదు,” అన్నాను.

ఆవిడ టేపు చక్రం మీద వేలు ఆనించింది. “దగ్గు ఉంచు. మాట కోసెయ్. అది నాకూ వాడికీ మధ్యది. అక్కడితో ఆపెయ్.”

“భాగం సగంలో తెగిపోతుంది కదా.”

“తెగిపోయింది కాబట్టి.”

బ్లేడుతో కోశాను. మూడు మూరల టేపు. చెత్తబుట్టలో పడేదాకా అక్కడే నిలబడి చూసింది. ఆరోది ఎలా ఉందో ఒకసారి వినమన్నాను. “అది బాగా వచ్చిందని నాకు తెలుసు, కలుపు,” అంది గానీ తను వినలేదు. బతికున్నన్నాళ్లూ ఆ టేపు వినలేదు. ఆ భాగం మొదలయ్యేసరికి గదిలోంచి లేచి వెళ్లిపోయేది.

అడిలైడ్‌లో ఒకాయన రెండు వందల క్యాసెట్లు వేసిపెట్టాడు. ఒక ఆదివారం యూనియన్ హాల్లో పెట్టి వినిపించాం. అరవై మంది దాకా వచ్చారు. మధ్యలో టీకి ఆపినప్పుడు ఇరవై మంది జారుకున్నారు. “మళ్లీ డ్యూటీకెళ్లినట్టుంది రెజ్, నావల్ల కాదు,” అన్నాడు మెట్ల మీద ఒకడు. కీత్ దగ్గు వచ్చినప్పుడు ఉన్న మగవాళ్లంతా నేల చూపులు చూశారు. అందరూ వెళ్లాక ఈనిడ్ అనే ముసలావిడ కూచునే ఉంది. భర్త దుమ్ము పట్టి పోయి పన్నెండేళ్లయింది.

“ఆ దగ్గు ముక్క ఇంకొక్కసారి పెట్టు నాయనా,” అంది.

పెట్టాను. వింది. “మా ఆయనది ఇంకొంచెం తడిగా ఉండేది,” అని కోటు వేసుకుని వెళ్లిపోయింది.

నగరం పత్రికలో ఒకాయన నాలుగు వాక్యాలు రాశాడు. దగ్గుతో భాగాన్ని తెంచడం చాలా సాహసమైన ప్రయోగమట. ఆల్మా ఆ కాగితంతో పొయ్యి రాజేసింది.

1994లో ఇల్జె అనే పాతికేళ్ల పిల్ల ఉత్తరం రాసింది. ఆల్మా రాతప్రతి చదివానని, అడిలైడ్‌లో మొత్తం వాయిస్తానని. ఆల్మాకు అరవై ఎనిమిది. వాయించడం మానేసి మూడేళ్లయింది. నన్ను తోడు రమ్మంది. ఇద్దరం రైలెక్కి వెళ్లాం. ముందు వరసలో కుర్చీలు వేసి ఉంచితే, వద్దని వెనక్కి పోయి కూచుంది.

ఆ పిల్ల గట్టిది. లావు తీగ నుంచి అంత మోత ఎలా తీసిందో. అయిదో భాగం వచ్చింది. నాకు ఆ టేపు కంఠతా వచ్చు కాబట్టి, పదిహేడో నిమిషం దగ్గరపడుతుంటే గడియారం చూసుకున్నాను. దగ్గు రాలేదు. వస్తుందని నేనెందుకు అనుకున్నానో. ఆ పిల్ల ఆగకుండా వాయిస్తూనే పోయింది. కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేని ఆ మూడు నిమిషాలు హాల్లో మోగాయి. అరుపు తగ్గి తగ్గి, స్వరం ఒక్కో మెట్టూ పైకి రావడం మొదలుపెట్టింది.

ఆల్మా లేచి బయటికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. కోట్లు తగిలించే బల్ల దగ్గర, అక్కడి పనమ్మాయి ఇచ్చిన కుర్చీలో కూచుని ఉంది.

“ఏమైంది? ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.” తలుపు వంక చూసి అంది. “ఆ ముక్క వంటింట్లో మొదటిసారి వినిపించినప్పుడు వాడేమన్నాడో తెలుసా రెజ్? ‘చాలు, ఇంక పైకి రా, అన్నం తిందాం’ అన్నాడు. అంతే అన్నాడు. అది నేను మర్చేపోయాను.”

నేను రుమాలు ఇచ్చాను. తీసుకుంది గానీ వాడలేదు. లోపల ఆరో భాగం మొదలైంది. తలుపులోంచి సన్నగా వస్తోంది. ఈసారి లేచి వెళ్లడానికి ఇంకో గది లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నేల వంక చూస్తూ, అయ్యేదాకా అలాగే కూచుంది.

కచేరీ అయ్యాక ఇల్జె పరిగెత్తుకుంటూ వచ్చింది. చెమటతో జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. “తప్పులున్నాయా అమ్మా? చెప్పండి,” అంది.

“రెండో భాగంలో తొందరపడ్డావు,” అంది ఆల్మా. “మిగతాది నాకన్నా బాగా వాయించావు. పోయి ఏమైనా తిను.”

తరవాత మూడేళ్లు బతికింది. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి చెంచా పట్టలేకపోయేది. వృద్ధుల ఆసుపత్రిలో చేర్చాం. నేను రోజు విడిచి రోజు వెళ్లి సూపు తాగించేవాణ్ణి. పక్కమంచం మీది ముసలావిడ రేడియో పొద్దస్తమానం మోగుతుండేది. తగ్గించమని చెప్పనా అంటే, “ఉండనీ, అది ఆగిపోతే ఆవిడకి భయం,” అనేది. జూన్‌లో, మా చలికాలంలో, గాలి బాగా వీస్తున్న ఒక మంగళవారం, సూపు సగంలో ఉండగా చాలంది. మూతి తుడిచి, దుప్పటి సర్ది వచ్చాను. మర్నాడు పొద్దున నేను షేవ్ చేసుకుంటుంటే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.